డబ్బాలో అర రియాల్

ఇవాళ పట్టా అందుకున్న మీ అందరికీ నా అభినందనలు.

నేను ఒమాన్‌లోని రుస్తాఖ్ నుంచి హైదరాబాద్ వచ్చాను. కొండల కింద పాత కోట, ఐన్ అల్ కస్ఫా వేడినీటి ఊట, ఖర్జూరపు తోటలు, ఇదీ మా ఊరు. అక్కడి వాగుల్లో ఏడాదిలో చాలా రోజులు గులకరాళ్లే కనిపిస్తాయి. అలాంటిది, 2021 అక్టోబర్ 3న షాహీన్ తుఫాను బాతినా తీరం దాటింది. ఆ తీరంలోని ఖబూరాలో 369 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఒమాన్‌లో పదిమందికి పైగా చనిపోయారు.

ఆ వారాంతంలో దేశం నలుమూలల నుంచి జనం పారలు పట్టుకుని బాతినాకు వచ్చారు. మా ఇంటిల్లిపాదీ, నలుగురం కూడా ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాం. గోడ మీద నా ఛాతీ ఎత్తున బురద గీత. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. పదేళ్ల మా అమ్మాయికి పార లేవలేదు. వంటింట్లో దొరికిన అన్నం పళ్లెంతో బురద తోడి, గుమ్మం బయట పోసి, మళ్లీ వచ్చేది. సాయంత్రం కారెక్కాక, "ఇంకా ఎన్ని ఇళ్లున్నాయి నాన్నా?" అంది. నేనేం చెప్పగలను?

మా పరుగు ఆ ప్రశ్నతోనే మొదలైంది. శుక్రవారం తెల్లవారుజామున తోటల పక్క దారిలో నలుగురం పరిగెత్తుతాం. ఒమాన్‌లో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదు, అది మంచి నియమమే. అందుకని ఒక్కొక్కరికి కిలోమీటరుకి అర రియాల్ లెక్కన మా డబ్బే ఒక డబ్బాలో వేసి, ఒమాన్ ఛారిటబుల్ ఆర్గనైజేషన్‌కి పంపుతాం. పెద్ద మొత్తమేం కాదు. కానీ వార్త చూసి టీవీ కట్టేసినప్పుడు గుండెల్లో మిగిలే బరువుకి కాళ్లు ఒక దారి చూపిస్తాయని నాకు తెలిసొచ్చింది.

ఆ దారిలోనే పరిగెత్తిన డిక్ హోయిట్, రిక్ హోయిట్ అనే అమెరికన్ తండ్రీకొడుకుల గురించి మీకు చెప్పాలి. రిక్‌కి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. 1977లో, ప్రమాదంలో పక్షవాతం వచ్చిన ఒక ఆటగాడి కోసం ఐదు మైళ్ల పరుగు పందెం జరిగింది. రిక్ తానూ వస్తానన్నాడు. తండ్రి చక్రాల కుర్చీ తోస్తూ పరిగెత్తాడు. ఇంటికొచ్చాక కొడుకు కంప్యూటర్ సాయంతో చెప్పిన మాట ఇది: పరిగెత్తేటప్పుడు తనకు వైకల్యం ఉన్నట్టే అనిపించలేదని. అక్కణ్ణుంచి ఇద్దరూ ఆగలేదు. రిక్ 1993లో బోస్టన్ యూనివర్సిటీ పట్టా అందుకున్నాడు, ఇవాళ మీరు అందుకున్నట్టే. 2013 బోస్టన్ మారథాన్ తమకు చివరిదని అనుకున్నారు. ఆ ఏప్రిల్ 15న గమ్యం దగ్గర బాంబులు పేలి ముగ్గురు చనిపోయారు, పరుగు మధ్యలోనే ఆగిపోయింది. మరుసటి ఏడు, డెబ్బై మూడేళ్ల డిక్ మళ్లీ కొడుకు కుర్చీ పట్టుకుని బయల్దేరాడు. ఈసారి పూర్తి చేశారు.

మీ హైదరాబాద్‌కీ ఆ ఏప్రిల్ 15 లాంటి తేదీ ఒకటుంది. 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో పేలుళ్లు జరిగి నలభై మందికి పైగా పోయారు. లుంబినీ పార్కులో చనిపోయిన వాళ్లలో సంగమనేర్ నుంచి టూర్‌కి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. వాళ్లదీ మీ వయసే. వాళ్లకి ఇలాంటి రోజు రాలేదు. 2024లో హైదరాబాద్ మారథాన్ సరిగ్గా ఆగస్టు 25నే జరిగింది, ఆ పార్కున్న హుస్సేన్ సాగర్ ఒడ్డునే మొదలైంది.

రేపు ఉదయం ఐదున్నరకి నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మేం నలుగురం ఉంటాం. లుంబినీ పార్కు దాకా వెళ్తాం. మా ఆవిడకి మోకాలి నొప్పి, అందరం ఆవిడ నడకతోనే వెళ్తాం. రావాలనిపిస్తే రండి. డబ్బా తెచ్చాను.