ఇంటి సాధనకు కీబోర్డు

రోలుగుంట వంటి ఊరినుండి అనకాపల్లికో విశాఖపట్టణమునకో పోయి, మిగుల్చుకొన్న సొమ్ముతో కీబోర్డు కొనదలచిన తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: అది వినిపించు వందల ధ్వనులను చూచి మురిసిపోకుడు.

1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును నిషేధించెను. 1971లో గాని ఆ ఆంక్ష సడలలేదు. స్థిరమైన మెట్లపై గమకము పలుకదన్నది నాటి ఆక్షేపణలలో ఒకటి. కీబోర్డునకును ఈ లోపము కలదు. మాయామాళవగౌళలో సరళీస్వరములు దానిపై చక్కగా పలుకును. తోడిలో గాంధారపు కంపితము పలుకదు. స్వరమును వంచు చక్రమున్నచో కొంతవరకు సాధ్యమగును.

పూర్తి వెడల్పుగల మెట్లు 61 ఉన్నచో ఐదు స్థాయిలు లభించును. నొక్కిన బలమునుబట్టి నాదము హెచ్చి తగ్గవలెను. శ్రుతి మార్చు సదుపాయము ముఖ్యము: అన్న ఒకటి శ్రుతికి, చెల్లెలు ఐదు శ్రుతికి పాడినను వ్రేళ్ల అభ్యాసము మారదు. కరెంటు పోవు వేళలకు బ్యాటరీతోను పనిచేయునది మేలు.

కొన్న పిమ్మట సాధనలో సగము వేళ దానిని ఆపి, శ్రుతిపెట్టెపై పిల్లలను పాడనిండు. స్వరస్థానము మెట్టు చూపును. గమకమును కంఠమే నేర్వవలెను.