కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరి కొండ మీద నుంచి?
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్లో స్టడీ అవర్ మొదలైన పది నిమిషాలకు కరెంటు పోవడం మాకు అలవాటే. ఒక వానాకాలం రాత్రి అలా చీకట్లో కూర్చుని ఉండగా ఎనిమిదో తరగతి పాప అడిగింది: "మేడం, సీలేరులో కరెంటు తయారవుతుంది కదా, మరి మన దగ్గరే ఎందుకు పోతుంది?" మా దగ్గర ఠక్కున చెప్పే జవాబు లేదు. ఆ తర్వాత మేము, మా టీచర్లు కూర్చుని వేరే దేశాలవాళ్లు కరెంటు ఎలా తీస్తున్నారో చదవడం మొదలుపెట్టాం. అందులో కొంత ఈరోజు మీకు చెబుతాం.

ఏ దేశమైనా ముందు తన నేలలో ఉన్నదే వాడుకుంటుంది. ఐస్‌లాండ్‌లో భూమి అడుగున వేడి ఉంది. ఆ ఆవిరితో టర్బైన్లు తిప్పుతారు, ఆ వేడినీళ్లనే గొట్టాల్లో ఇళ్లకు పంపి చలి నుంచి కాచుకుంటారు. ఫ్రాన్స్ ఎక్కువగా అణు విద్యుత్తు మీద నడుస్తుంది. బొగ్గు కరెంటును ఊరికి అమ్మడం 1882లో లండన్‌లో మొదలుపెట్టిన ఇంగ్లండువాళ్లు, తమ చివరి బొగ్గు కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసేశారు. ఉరుగ్వే చిన్న దేశం, సొంత చమురు లేదు. కొనలేక విసిగి గాలిమరలు పెట్టుకుంది. పదేళ్లు తిరిగేసరికి, వానలు బాగా పడిన ఏడు దాని కరెంటులో నూటికి తొంభైకి పైగా నీళ్లు, గాలి, ఎండ, చెరకు పిప్పి వంటివే ఇస్తున్నాయి.

మన దేశంలో 2025 మధ్యకల్లా కరెంటు కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, చమురు కానిదే. వినడానికి బాగుంటుంది. కానీ మనం నిజంగా వాడే కరెంటులో నూటికి డెబ్బై దాకా ఇప్పటికీ బొగ్గుదే. పగలు మాత్రమే పనికొచ్చే మనిషినీ, రాత్రింబవళ్లు పనిచేసే మనిషినీ హాజరు పట్టీలో ఒక్కలాగే రాస్తే లెక్క అలాగే తేలుతుంది మరి. ఎండ సాయంత్రానికి వెళ్లిపోతుంది.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది నార్వే. అక్కడ కరెంటులో నూటికి తొంభై దాకా జలవిద్యుత్తే. పొగ లేదు, బూడిద లేదు. కానీ ఆ దేశపు ఉత్తరాన సామీలనే ఆదివాసులున్నారు. వాళ్లలో కొందరు రెయిన్‌డీర్ మందలు కాస్తారు. 1970ల చివర ఆల్టా నది మీద ఆనకట్ట కడతామంటే పార్లమెంటు ముందు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆనకట్ట ఆగలేదు. అయితే ఆ పోరాటం వల్లే 1989లో సామీలకు సొంత పార్లమెంటు వచ్చింది.

తర్వాత ఫోసెన్ అనేచోట, మందలు చలికాలం మేసే కొండల మీద 151 గాలిమరలు పెట్టారు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇది సామీల సంస్కృతి హక్కుకు విరుద్ధమని చెప్పింది. అయినా మరలు తిరుగుతూనే ఉన్నాయి. తీర్పు వచ్చి 500 రోజులైనప్పుడు, 2023 ఫిబ్రవరిలో, యువతీ యువకులు రాజధానికి వెళ్లి మంత్రిత్వ శాఖ ఆఫీసులో బైఠాయించారు. తమ సంప్రదాయ దుస్తులను తిరగేసి వేసుకున్నారు. అది వాళ్ల నిరసన తీరు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. చివరికి పరిహారం, వేరే మేత భూములు అంటూ రాజీ కుదిరింది. మరలు మాత్రం అక్కడే ఉన్నాయి. గెలుపో ఓటమో మీరే చెప్పండి, మా స్టాఫ్ రూమ్‌లో ఇంకా తేలలేదు.

ఇదంతా ఎందుకంటే, మన కొండలకు ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ వస్తోంది. మధ్యాహ్నం మిగిలిన సోలార్ కరెంటుతో కింది చెరువు నీటిని పై చెరువుకు తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. నాలుగు యూనిట్లు ఖర్చుపెడితే మూడు యూనిట్లు తిరిగొస్తాయి. దానికి ఎత్తూ, నీళ్లూ రెండూ కావాలి. రెండూ ఉన్నది మన దగ్గర. ఎగువ సీలేరులో 1350 మెగావాట్లది ఇలాంటిదే. మాచ్‌ఖండ్‌లో 1955లోనే కరెంటు మొదలైంది. ఆ తీగల కిందే చాలా ఊళ్లు ఏళ్లకేళ్లు కిరసనాయిలు దీపాలతో గడిపాయని మన అవ్వలు చెబుతారు.

సోలార్ వద్దని, నీళ్ల కరెంటు వద్దని మేము అనడం లేదు. బొగ్గు పొగకు వానలు గతి తప్పితే ముందు దెబ్బతినేది మన కాఫీ, మన రాగులే. అడగాల్సింది వేరే ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలి. అంతకుముందే 1996 పీసా చట్టం సంప్రదించి తీరాలంది. ఆ సభ జరిగిన రోజు మీరెక్కడున్నారు? తీర్మానం చదివి సంతకం పెట్టారా, ముందు సంతకం పెట్టి తర్వాత చదివారా?

ఇంకో మాట. మా హాస్టల్ డాబా మీది సోలార్ పలకలు బ్యాటరీలు ఎండిపోయి రెండేళ్లు ఊరికే పడి ఉన్నాయి. వాటి నీడన పిల్లి పడుకునేది. ఐటీఐ చదివిన మా పాత విద్యార్థి ఒకడు సెలవుల్లో వచ్చి, తుప్పు పట్టిన తీగలు మార్చి, పాత బ్యాటరీలు తీసేసి కొత్తవి పెట్టి, రెండు రోజుల్లో వెలిగించాడు. రేపు ఇక్కడ వచ్చే ప్రాజెక్టుల్లో మట్టి మోసే పనే మనకు మిగలాలా, కంట్రోల్ రూమ్‌లో కూర్చునే పని కూడా రావాలా అన్నది మీ పదో తరగతి తర్వాత చదువు మీద కూడా ఉంటుంది.

భోజనాల తర్వాత మేము హాస్టల్ వరండాలోనే ఉంటాం. మీ పంచాయతీ తీర్మానాల నకళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి, కలిసి చదువుదాం. ఆ ఎనిమిదో తరగతి పాప కూడా వస్తానంది.