చిన్నాయన ఫ్యాక్టరీ బురద, చెల్లి ఫస్టియర్ ఎమ్మెస్సీ

"అన్నా, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో చేరితే ఏం చదువుతారు? మొక్కలు నాటడమేనా?" అని నన్ను చాలామంది అడిగారు. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు నా సంగతి చెప్తా. బీటెక్‌లో మాకూ ఈవీఎస్ అని ఒక పేపర్ ఉండేది. పరీక్షకు ముందురోజు రాత్రి కూర్చుని, ఓజోన్ పొర బొమ్మ ప్రాక్టీస్ చేసి పాసైపోయా. ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పడం వల్ల, తర్వాత 2003లో యూజీసీ ఆరు నెలల సిలబస్ తయారు చేయించడం వల్ల ఆ పేపర్ వచ్చిందని అప్పట్లో నాకు తెలీదు. తెలిసినా చదివేవాణ్ని కాదులెండి.

ఇప్పుడు మా చిన్నాయన కూతురి సంగతి. వాళ్లది బేతంచెర్ల. 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. మీ ఇంట్లో బేతంచెర్ల బండలు పరిచుంటే, ఆ ఊరి మీదనే నడుస్తున్నారు మీరు. చిన్నాయనకు అక్కడ చిన్న పాలిష్ ఫ్యాక్టరీ ఉంది, రెండే మిషన్లు. చెల్లి డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, పీజీసెట్ రాసి, కడపలో యోగి వేమన యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎమ్మెస్సీలో చేరింది.

ఫస్టియర్ అంటే ఎక్కువగా కొలవడమే అంటుంది తను. నీళ్లు, గాలి, మట్టి, కొంచెం జియాలజీ, కొంచెం స్టాటిస్టిక్స్. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ చూడాలంటే సీసా నిండా నీళ్లు పట్టాలి, లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా రీడింగ్ తప్పే. కాఠిన్యం చూడాలంటే ఈడీటీఏ చుక్కచుక్కగా వదలాలి. వైన్ రంగు నీలంగా మారిన క్షణంలో ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువ పడిందా, మళ్లీ మొదటి నుంచి. మనం కోడ్‌లో కంట్రోల్ జెడ్ కొట్టినట్టు కుదరదు అక్కడ.

జాబ్ సంగతి కూడా అడుగుతారు కదా. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు ముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ఆ రిపోర్టులు తయారుచేసే కన్సల్టెన్సీలు, నీళ్లు, గాలి పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. సిమెంట్ ఫ్యాక్టరీల్లోనూ ఈ పని చూసేవాళ్లు కావాలి. టీచింగ్, రీసెర్చ్ వైపు పోవాలంటే యూజీసీ నెట్‌లో ఈ సబ్జెక్ట్ ఉంది. సాఫ్ట్‌వేర్ జీతాలతో మాత్రం పోల్చుకోవద్దు, నిరాశపడతారు.

సరే, అసలు కథకు వద్దాం. మొదటి సెమిస్టర్ సెలవులకు ఇంటికొచ్చిన చెల్లి, ఫ్యాక్టరీ పక్క బోరు నీళ్లు సీసాలో పట్టుకుపోయి ల్యాబ్‌లో చూసింది. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా పర్లేదు అని బీఐఎస్ ప్రమాణం. తనకు 200 కంటే బాగా ఎక్కువ వచ్చింది. వెంటనే ఫోన్ చేసి, "నాయనా, మన ఫ్యాక్టరీ వల్లనే నీళ్లు చెడిపోయినాయి" అనేసింది.

చిన్నాయన గట్టిగా ఏమీ అనలేదు. "నీ ఫీజు యాడ నుంచి వచ్చిందనుకున్నావు మ్మా? ఆ బురదలోంచే" అని ఫోన్ పెట్టేశాడంట. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

ల్యాబ్‌లో వాళ్ల మేడమ్ మాత్రం ఒకే ప్రశ్న అడిగింది: "ఫ్యాక్టరీలు లేని వైపు బోరు చూశావా?"

చూడలేదు. ఈసారి ఊరికి పోయినప్పుడు బిల్లసర్గం గుహల దారిలో ఒక చేని బోరు నీళ్లు పట్టింది. అవీ దాదాపు అంతే కఠినంగా ఉన్నాయి! ఎందుకంటే ఆ నేలంతా సున్నపురాయి. వాన నీళ్లు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారి, రాయిని మెల్లగా కరిగిస్తాయి. బిల్లసర్గం, బెలుం గుహలు ఏర్పడింది కూడా అట్లనే. అన్నట్టు, 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు ఈ గుహల్లో తవ్వించినప్పుడు ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. దానికి మన కర్నూలు పేరే పెట్టారు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని. బేతంచెర్లలో ఖడ్గమృగం, ఊహించుకోండి!

చెల్లి ఇంటికిపోయి, "నాయనా, నీళ్ల విషయంలో నేను తొందరపడినా" అని ఒప్పుకుంది. చిన్నాయన ముఖం విప్పారింది. కానీ తను అక్కడితో ఆగలేదు.

అడుగు కోసేసిన రెండు డబ్బాలు తెచ్చింది. ఒకటి పాలిష్ బురద పోసి ఎండిపోయిన జాగాలో, ఇంకొకటి పక్క చేలో కొంచెం లోతుకు దిగ్గొట్టింది. రెండింట్లోనూ ఒక్కో చెంబు నీళ్లు పోసి ఫోన్‌లో టైమర్ పెట్టింది. చేలో నీళ్లు ఇంకిపోయాయి. బురద జాగాలో అట్లనే నిలబడ్డాయి. ఆ పొడి సన్నగా ఉండి మట్టి రంధ్రాలు పూడ్చేస్తుంది. పడే నాలుగు వానలు కూడా ఇంకకుండా వంకలోకి పోతే, మన సీమలో బోర్ల గతేంటి?

చిన్నాయన పక్కనే నిలబడి అంతా చూశాడు. కాసేపాగి, "చూసినా లే. మరి యాడ పొయ్యాల దీన్ని?" అన్నాడు.

దానికి ఫస్టియర్ సిలబస్‌లో జవాబు లేదు. ఇట్లాంటి బురదను ఇటుకల్లో కలపడం మీద పరిశోధనలు జరిగాయి, వచ్చే ఏడాది ప్రాజెక్ట్‌గా అదే తీసుకుంటానంటోంది. చిన్నాయన ఇప్పుడు బురదను వంక గట్టున పొయ్యకుండా ఫ్యాక్టరీ వెనక ఒకేచోట పోయిస్తున్నాడు. ఇటుకలు చేసే ఒకాయనకు ఒక ట్రాక్టర్ లోడు పంపిస్తానన్నాడు, ఇంకా పంపలేదు. ట్రాక్టర్ బాడుగ ఎవరియ్యాల అన్న దగ్గర ఆగింది. తేలితే ఆ ఇటుకలు మీకూ చూపిస్తా.