జాతికుక్కను కొనుటకు ముందు లక్షణపరీక్ష
(ముధోళ్ వేటకుక్కను గూర్చి రైతులకు ఉపన్యాసము)



ఎడ్లసంతకు పోయిన రైతు కన్నులు మూసికొని ఎద్దును కొనడు. నోరు తెరచి పండ్లు లెక్కించును. మూపురమును, గిట్టలను, సుడులను చూచును. నాలుగడుగులు నడిపించి, కాడి మోపి, కుంటియో కాదో తెలిసికొనును. అటు పిమ్మటనే తువాలు మాటున చేయి కలిపి బేరమాడును. అట్టి రైతే జాతికుక్కను కొనునపుడు మాత్రము అమ్మకందారు చూపిన ఫోటోను, ముద్ర వేసిన కాగితమును నమ్మి సొమ్ము చెల్లించుట పలుచోట్ల జరుగుచున్నది. పిల్ల పెరిగిన కొలది చెవులొక తీరున, తోకయొక తీరున తేలి, కోరినదొకటి తెచ్చినదొకటి యని తెలియును. అప్పటికి అమ్మినవాడు కనబడడు. ఇంటివారికి మాలిమియైన జీవమును వదలుటకు మనసొప్పదు. ధరలో కలిగిన నష్టము ఒక్కరిది. దానికి పుట్టిన పిల్లలను జాతిపిల్లలని నలుగురికి ఇచ్చినచో ఆ నష్టము ఊరిది.

భూమిని కొనువాడు పట్టా కాగితమును చూచి ఊరకుండడు. సర్వే నెంబరును, విస్తీర్ణమును, నాలుగు హద్దులను క్షేత్రముతో సరిపోల్చి చూచును. కాగితము సరిగా నుండియు హద్దురాయి తప్పినచో తగాదా తప్పదు. కుక్క విషయమున కూడ ఇదే న్యాయము. వంశపత్రిక పట్టా వంటిది. జాతిలక్షణపట్టిక హద్దుల వంటిది. ఎదుట నిలిచిన కుక్క క్షేత్రము వంటిది. ఈ మూడును ఒకదానితో నొకటి సరిపోయిననే కొనవలెను.

జాతి యేది?

దక్కను రైతులకు మిక్కిలి తెలిసిన జాతియగుటచే ముధోళ్ వేటకుక్కను ఇచట ఉదాహరణముగా గ్రహించుట యుక్తము. ఇందలి ముధోళ్ నిర్మల్ ప్రాంతపు ముధోల్ కాదు. కర్ణాటకమున బాగల్‌కోట జిల్లాలో ఘటప్రభా నదీతీరమున నున్న ముధోళ్. అది 1948వ సంవత్సరమున బొంబాయి రాష్ట్రమున విలీనమగు వరకు ఘోర్పడే వంశీయుల సంస్థానము. ఆ సంస్థానాధిపతియగు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని శ్రద్ధతో పెంపొందించి, ఇంగ్లండు చక్రవర్తియగు అయిదవ జార్జికి ఒక జతను బహూకరించెనని ప్రసిద్ధి. భారత తపాలాశాఖ 2005వ సంవత్సరమున దేశీయ శునకజాతులపై ముద్రించిన బిళ్లలలో దీని బొమ్మయు కలదు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వారి పత్రములలో ఈ జాతికి కారవాన్ హౌండ్ అని పేరు. కావున పత్రమున ముధోళ్ అను మాట కానరానంత మాత్రమున సందేహింప పనిలేదు.

పేరు పెరిగిన వస్తువునకు నకలు పుట్టుట లోకసహజము. పరుగుపందెముల మోజుచే దీనిని గ్రేహౌండు జాతితో సంకరము చేయువారు కలరు. బక్కపలుచని ఊరకుక్క పిల్లనే ముధోళ్ అని అంటగట్టువారును కలరు. కావున లక్షణములను, వాని ప్రయోజనమును ఎరిగియుండుట అవసరము.

లక్షణములు, వాని కారణములు

ఈ కుక్క వాసనను పట్టి గాక చూపును పట్టి వేటాడుటకు ఏర్పడినది. మెరక నేలలయందు దూరముననున్న మృగమును చూచి, పరుగున వెంబడించి పట్టుటయే దాని పూర్వపు పని. లక్షణములన్నియు ఆ పనినుండి పుట్టినవే. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో పట్టికను కంఠస్థము చేయ పనిలేదు.

తల సన్నగాను పొడవుగాను ఉండవలెను. చెవుల నడుమ కొంత వెడల్పై మూతివైపునకు క్రమముగా సన్నబడవలెను. దవడలు బలమైనవై, పై ముందుపండ్లు క్రింది పండ్లకు ఆనుకొని కత్తెరవలె కలియవలెను. కన్నులు పెద్దవియు కోలయైనవియు కావలెను. దూరపు చూపే దీని బలముగదా. చెవులు నడితరపు పరిమాణము కలిగి, తలకు అంటుకొని క్రిందికి వ్రేలాడవలెను. గ్రేహౌండు చెవి చిన్నదై వెనుకకు మడిగియుండును. ఊరకుక్క చెవి నిక్కియైనను, సగము విరిగియైనను ఉండును. చెవి యొక్కటియే పలుమారు సంకరమును బయటపెట్టును.

మెడ పొడవుగా, కండ కట్టి యుండవలెను. రొమ్ము మిక్కిలి లోతుగలదై యుండవలెను. పరుగున గుండెకును ఊపిరితిత్తులకును చాలినంత తావు కావలెను గనుక ఇది ముఖ్యము. పొట్ట పైకి ఎత్తుకొనియుండవలెను. ముంగాళ్లు పొడవై నిట్టనిలువుగా నుండవలెను. పాదములు పలుచపారక, వ్రేళ్లు దగ్గరగా నుండవలెను. తోక మొదట దృఢమై, క్రిందుగా అమరి, స్వభావమైన వంపుతో దిగవలెను. నడుముమీదికి చుట్టుకొనిన తోక ఊరకుక్క రక్తమును సూచించును.

వెండ్రుకలు పొట్టివి, నున్ననివి. చెవులయందును తోకయందును పట్టువంటి పొడుగు వెండ్రుకలు గల రకమును పష్మీ యందురు. నున్నని రకమును కోరి వచ్చినవాడు ఈ భేదమును తెలిసియుండవలెను. ఇక రంగు. గోధుమవన్నె, మీగడవన్నె, ఎరుపు, నలుపు, బూడిదవన్నె, ఇన్నియు ఈ జాతియందు కలవు. కావున రంగును చూచి జాతిని నిర్ణయించుట తగదు. రంగు కొరకు అధిక ధర చెల్లించుటయు తగదు.

ఎదిగిన మగకుక్క ఎత్తు సుమారు 27 మొదలు 28 అంగుళములు. ఆడుకుక్క ఎత్తు సుమారు 25 మొదలు 27 అంగుళములు. ఎత్తును తలవరకు కొలువరాదు. మెడ ముగిసి వీపు మొదలగుచోట, భుజములపై కొలువవలెను. కుక్కను సమనేలపై గోడప్రక్కన నాలుగు కాళ్లమీద సరిగా నిలిపి, భుజములపై ఒక పలకను అడ్డముగా ఆనించి గోడపై గీతపెట్టి, నేలనుండి గీతవరకు కొలుచునది. ఈ పనికి బడి పిల్లవాని స్కేలుబద్దయు, బొగ్గుముక్కయు చాలును.

ఇది సహజముగా బక్కపలుచని జాతి. ప్రక్కటెముకలు కొంత కానవచ్చుట దోషము కాదు. కాని వెన్నుపూసలు పొడుచుకొని, తొడకండ కరగి, వెండ్రుక కాంతి తప్పినచో అది జాతిలక్షణము కాదు, ఆకలియో కడుపులోని పురుగులో అని గ్రహింపవలెను. రోగమును లక్షణమని చెప్పి అమ్మువారి మాట వినరాదు.

నిలుచున్న కుక్కను చూచి తృప్తిపడక నడిపించి చూడవలెను. ఎదురుగా రప్పించియు, వెనుకకు పంపియు, ప్రక్కగా పరుగెత్తించియు కాళ్ల పోకడ కనుగొనవలెను. ఈ జాతి క్రొత్తవారి చేయి తగులుటను ఇష్టపడదు. దూరముగా నిలుచుట దాని స్వభావము. కాని వణకుచు మూలల దాగుట గాని, కారణము లేక కరవవచ్చుట గాని స్వభావము కాదు, దోషము.

పిల్లను కొనునపుడు

చాలమంది కొనునది ఎదిగిన కుక్కను గాక పిల్లను. పైని చెప్పిన ఎత్తు, రొమ్ము లోతు, తోక తీరు పిల్లయందు ఇంకను తేలియుండవు. అమ్మకందారులకు అనుకూలమగునది ఈ యెడమే. ఇచట పెద్దల సామెత అక్కరకు వచ్చును. తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బర్రెను తీసికొనవలెనని గదా. తల్లికుక్కను పిల్లలతో కూడ కన్నులార చూచి, లక్షణములను తల్లియందు పరీక్షింపవలెను. పిల్లలు దానివద్ద పాలుత్రాగుటయో, చేరి పండుకొనుటయో చూడవలెను. తల్లి వేరొక ఊరనున్నదని చెప్పువాని వద్ద కొనకుండుట మేలు. తండ్రి పలుమారు వేరొకరిదై యుండును. దాని పత్రముయొక్క నకలు అడుగవలెను. అదే జంటకు మునుపు పుట్టి ఎదిగిన పిల్లలు సమీపమున నున్నచో పోయి చూచుట అన్నిటికంటె మంచి సాక్ష్యము.

వయస్సును మాటనుబట్టి గాక పండ్లనుబట్టి తెలిసికొనవలెను. ఎనిమిది వారములు నిండిన పిల్లకు పాలపండ్లు 28 వచ్చియుండును. నాలుగవ మాసము మొదలు అవి ఊడి, ఏడవ మాసము నాటికి 42 శాశ్వతదంతములు ఏర్పడును. శునకముల పెంపకము, విక్రయములను గూర్చి 2017వ సంవత్సరమున భారత ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పెంపకదారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. నమోదుపత్రము చూపుమని అడుగుట కొనువాని హక్కు. చూపనొల్లనివానిని విడిచి మరియొకరిని వెదకుకొనుట క్షేమము.

వంశపత్రికను చదువు విధము

వంశపత్రిక ఫలాన తండ్రికి, ఫలాన తల్లికి ఫలాన దినమున పుట్టెనని మాత్రమే చెప్పును. కుక్క మంచిదని గాని, లక్షణములు కలదని గాని చెప్పదు. ఉత్తమజంటకు సైతము లోపముగల పిల్ల పుట్టవచ్చును. ఈ భేదమెరుగక పత్రమునకే వెల కట్టువారు మోసపోవుదురు.

పత్రములో జాతి, లింగము, రంగు, పుట్టినతేది, తల్లిదండ్రుల పేర్లు, మైక్రోచిప్ సంఖ్య చూడవలెను. మైక్రోచిప్ అనునది బియ్యపుగింజయంత గొట్టము. మెడవెనుక చర్మముక్రింద సూదితో ఎక్కించెదరు. దానియందు 15 అంకెల సంఖ్య నిక్షిప్తమై యుండును. చదువు యంత్రమును కుక్కపై త్రిప్పగా ఆ సంఖ్య కనబడును. ఆ సౌకర్యముగల పశువైద్యునివద్దకు కొనుటకు ముందే కుక్కను తీసికొనిపోయి, యంత్రము చూపిన సంఖ్యను పత్రములోని సంఖ్యతో అంకెకు అంకె పోల్చవలెను. ఒక్క అంకె తప్పినను ఆ పత్రము ఆ కుక్కది కాదు. పత్రము తరువాత పంపెదమను మాటపై పూర్తి సొమ్ము చెల్లింపరాదు.

అదే సమయమున వైద్యునిచే గుండె, కన్నులు, చర్మము పరీక్షింపచేయవలెను. మగపిల్లయైనచో వృషణములు రెండును దిగినవో లేవో చూపింపవలెను. ఒక్కటియే దిగినది సంతానమునకు పనికిరాదు. పార్వో మొదలగు రోగములకు వేసిన టీకాల వివరములు తేదులతో అడుగవలెను. పిచ్చికుక్క రోగమునకు టీకా మూడు మాసములు నిండిన పిమ్మట వేయించి, వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుట యజమాని విధి.

అమ్మకము కాగితము

బేరము కుదిరిన పిమ్మట నోటిమాటతో విడువక చిన్న కాగితము వ్రాయించుకొనవలెను. అందు అమ్మకందారు పేరు, నివాసము, కుక్క జాతి, మైక్రోచిప్ సంఖ్య, చెల్లించిన మొత్తము, తేది యుండవలెను. ఇన్ని దినములలోపల వైద్యుడు రోగము కనుగొన్నచో, లేక పత్రము అబద్ధమని తేలినచో సొమ్ము మరల నిచ్చెదనను షరతు యుండవలెను. ఇరువురి సంతకములు కావలెను. ఇట్లు వ్రాయ నిరాకరించుటయే ఒక సమాధానము.

కొనవలెనా?

కట్టకడకు రైతు తనను తాను అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ జాతి పరుగునకు పుట్టినది. పగలెల్ల గొలుసున కట్టియుంచినచో కాలును మనసును చెడును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే కుందేటిని గాని జింకను గాని వేటాడించుట నేరము. కావున దీని పూర్వపు పని ఇపుడు చేయించరాదు. విశాలమైన కంచెగల తోటయు, దినమునకు రెండుమార్లు పరుగెత్తించు మనిషియు ఉన్నచో ఈ కుక్క శోభిల్లును. కళ్లమువద్ద మొరిగి హెచ్చరించుట మాత్రమే కావలసినవానికి ఊరి దేశవాళీ కుక్క చాలును. అది మన ఎండకు, మన తిండికి అలవాటుపడినది. సంకరపు కుక్కయందును తప్పులేదు. సంకరపుదానిని జాతిదని చెప్పి ఆ వెల గుంజుటయందే తప్పున్నది.

జాతిని కోరినవారు ముధోళ్ సమీపమున తిమ్మాపురమున, బీదరులోని పశువైద్య విశ్వవిద్యాలయమువారు నడుపు శునక పరిశోధన కేంద్రమును దర్శించి, ఎదిగిన మేలుజాతి కుక్కలను ఒక్కమారు చూచివచ్చుట మంచిది. మంచిదానిని చూచిన కంటికి చెడ్డది తానే తెలియును. పిమ్మట తల్లిని చూచి, పండ్లు లెక్కించి, ఎత్తు కొలిచి, సంఖ్యను పోల్చి, కాగితము వ్రాయించుకొని కొనునది. ఈ అయిదు పనులకు పట్టునది ఒక్క దినము. ఇంటికి వచ్చిన కుక్క బ్రదుకునది పది పండ్రెండేండ్లు.