పంటి నీడలు – చికిత్సా నిర్ణయము
(ప్రసంగ పాఠము)



రాత్రివేళ పంటిపోటుతో మేలుకొన్నవానికి లోకములోని తక్కిన చింత లేవియు గుర్తుండవు. తెల్లవారగనే వైద్యుని చేరి "పీకివేయుడు" అనువారే పూర్వము పలువురు. నేడు వేరులలోని కాలువలను శుభ్రపరచి పన్నును నిలుపు రూట్ కెనాల్ చికిత్స కలదు. కాలువలు కంటికి కానరానివి గనుక, ఆ చికిత్సకు ఎక్స్‌రే పటమే కన్ను.

రాంట్‌జెన్ పండితుడు 1895 నవంబరులో ఎక్స్‌కిరణములను కనుగొనెను. 1896లోనే జర్మనీలో వాల్‌ఖాఫ్ అను దంతవైద్యుడు తన పండ్లకు పటము తీయించుకొనెను. అందులకు 25 నిమిషములు పట్టినది. అమెరికాలో కెల్స్ అను వైద్యుడు 1899లో వేరుకాలువ పొడవు తెలిసికొనుటకు ఈ పటమును వాడెను. కిరణముల కీడు అప్పటికి ఎరుగనందున, ఆయన తరువాతి కాలమున వ్రేళ్ళను, పిదప చేతిని కోల్పోయెను.

మామూలు పటమున ఒక లోపము కలదు. అది నీడ మాత్రమే. ఒక వేరు మరియొక వేరును కప్పును. ఎముకలోని మెత్తని భాగమున పుట్టిన చెరుపు, పైనున్న గట్టిపొరను తినువరకు పటమున కనబడకపోవచ్చునని బెండర్, సెల్ట్‌జర్ అను వారు 1961లో చూపిరి. ఈ కొరతను తీర్చుటకు 1990ల చివర కోన్ బీమ్ సి.టి. దంతవైద్యమున ప్రవేశించినది. ఇది పన్నును పలుచని పొరలుగా కోసినట్లు అన్ని దిక్కులనుండి చూపును. పై దవడ మొదటి పెద్దపంటిలో, బుగ్గవైపు ముందువేరున దాగియుండు రెండవ కాలువను ఇది పట్టి యిచ్చును. ఆ కాలువ మిగిలిపోయినచో చికిత్స జరిగియు బాధ మిగులును.

అయినను చూచుట వేరు, తెలిసికొనుట వేరు. ఒక గృహిణికి లోగడ చికిత్స జరిగి, లోహపు కడ్డీ అమర్చిన పన్ను నమలునప్పుడు నొచ్చుచున్నదనుకొందము. పటమున వేరుప్రక్క ఒక నల్లని గీత. వేరు నిలువున చీలినదన్నచో పన్ను దక్కుట అరుదు. కాని లోహము చుట్టును అట్టి బూటకపు గీతలు యంత్రమే పుట్టించును. కనుక నేర్పరియైన వైద్యుడు గీతనొక్కదానినే నమ్మడు. ఆ వేరుచెంత ఎముక అరిగినదా, చిగురున ఒక్కచోటనే సన్నని లోతైన సంచి ఏర్పడినదా అని పరీక్షించును. అప్పటికిని సంశయము తీరనిచో, చిగురు తెరచి సూక్ష్మదర్శినితో చూచిన పిదపనే పన్ను తీయుటను గూర్చి నిర్ణయించును.

మరియొక మోసము కలదు. మధ్యవయస్సు స్త్రీలలో కొందరికి క్రింది ముందుపండ్ల వేరుకొనలవద్ద నల్లని మచ్చలు కానవచ్చును. అవి చీము వలనివి కావు. ఎముకలోని మార్పు మాత్రమే. చల్లదనము తాకించినప్పుడు పన్ను మామూలుగా స్పందించినచో లోని నరము సజీవముగా నున్నదన్నమాట. పటమొక్కటే చూచినవాడు ఆరోగ్యమైన పంటికి రంధ్రము చేయును!

ఇన్ని గుణములున్నను ఈ పరీక్ష అందరికి అక్కరలేదు. దీని కిరణమోతాదు చిన్న పటముకంటె ఎక్కువ. మొదట మామూలు ఎక్స్‌రే తీయవలెననియు, దానితో సందేహము తీరనప్పుడే, అవసరమైన కొద్ది భాగమునకే కోన్ బీమ్ వాడవలెననియు అమెరికా దంతవైద్య సంఘములు రెండు 2015లో ఉమ్మడిగా ప్రకటించినవి.

బదిలీలపై ఊరూరు తిరుగు ఉద్యోగి కుటుంబములకు ఇందొక హితవు కలదు. చికిత్స జరిగిన పంటి క్రింది మచ్చ మానుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. అది తగ్గుచున్నదో పెరుగుచున్నదో పాత పటముతో పోల్చిననే తెలియును. ఇల్లు మారునప్పుడు పిల్లల బడి సర్టిఫికెట్లతోపాటు ఆ పటములను గూడ భద్రపరచవలెను. క్రొత్త పరీక్ష వ్రాసినప్పుడు వైద్యుని వినయముతో ఒక్కమాట అడుగవలెను: "అయ్యా, దీనిని చూచినందువలన చికిత్స మారునా?" మారునన్నచో తీయించుకొనవలెను. మారదన్నచో కిరణములును, ధనమును మిగులును.