ఈ నీలిరంగు ఏ నెలది? ఉపగ్రహ చిత్రాల్లో కొల్లేరు

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన్ని మేమంతా మాస్టారనే పిలిచాం. ఇవాళ కూడా అలాగే పిలుస్తాను. ఆయన మాకు డిగ్రీలో జాగ్రఫీ చెప్పారు. మొదటి ఏడాది ఒకరోజు మమ్మల్ని కొల్లేటి గట్టు మీదికి తీసుకెళ్లారు. చంకలో ఉన్న పాత టోపో షీటు విప్పి, సరస్సుకు వేసిన రంగు మీద వేలు పెట్టి అడిగారు: "ఈ నీలిరంగు ఏ నెలది?"

మాకెవరికీ జవాబు తోచలేదు. పటంలో రంగుకు నెల ఉంటుందని అంతవరకూ ఎవరూ అనుకోలేదు. అప్పుడాయన చెప్పారు. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తో చూపే గీతను ఇక్కడి వాళ్లు కాంటూరు అంటారు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఊళ్ల డ్రెయిన్లు వానాకాలంలో తెచ్చిపోసే నీళ్లతో పదో కాంటూరు దాకా పొంగితే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. మూడో కాంటూరుకు దిగితే 135. రెండూ కొల్లేరే. పటం వేసినవాడు ఒక అంచును గీసి వెళ్లిపోయాడు. సరస్సు మాత్రం ఏడాది పొడవునా తన అంచును మార్చుకుంటూనే ఉంటుంది.

ఆ తరవాత నా ఉద్యోగజీవితమంతా ఉపగ్రహ చిత్రాల మధ్య గడిచింది. మాస్టారి ప్రశ్నను మించిన పాఠం నాకు ఏ ప్రయోగశాలలోనూ దొరకలేదు. ఈ పూట దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

పైనుంచి చూసే కన్ను

1972 జులై 23న అమెరికా మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాన్ని పంపింది. నేల మీద ఒకే చోటును అది 18 రోజులకోసారి చూసేది. దాని చిత్రంలో ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, మన లెక్కలో ఎకరంన్నర పైచిలుకు. మన దేశంలో పైనుంచి చూసే ఈ విద్యకు ఆద్యులు శాస్త్రవేత్త పిషారటి గారు. కేరళలో కొబ్బరితోటలకు సోకిన వేరుతెగులును ఆయన బృందం ఆకాశం నుంచి పరారుణ ఫిల్ముతో పరిశీలించింది. తరవాత హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ వచ్చింది. 1988 మార్చి 17న మన ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ ఎగిరింది. అప్పటినుంచి మన నేలను మన కన్నుతోనే చూసుకుంటున్నాం.

ఆ కన్ను మన కన్నులాంటిది కాదు. మనకు కనపడని దగ్గరి పరారుణ కాంతి కూడా దానికి కనిపిస్తుంది. పచ్చని ఆకు ఆ కాంతిని చాలావరకు వెనక్కి కొడుతుంది. నీళ్లు దాన్ని మింగేస్తాయి. అందుకని మేము వాడే చిత్రాల్లో పైరు, చెట్టు, గడ్డి ఎర్రగా ఉంటాయి. నీళ్లు నల్లగానో ముదురు నీలంగానో కనిపిస్తాయి. ఎరుపంటే పచ్చదనం, నలుపంటే నీళ్లు. ఇంత సులువైన అక్షరాలు కాబట్టి చదవడం కూడా సులువేననిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను.

నీళ్లు పెరిగిన సరస్సు

1990ల మొదట్లో నేను కొల్లేటి మీద చిన్న అధ్యయనం చేశాను. ల్యాండ్‌శాట్ పాత చిత్రం ఒకటి, మన ఐఆర్‌ఎస్ చిత్రం ఒకటి పక్కపక్కన పెట్టి నల్లటి పిక్సెళ్లు లెక్కపెట్టాను. కొత్త చిత్రంలో నలుపు ఎక్కువగా ఉంది. కొల్లేట్లో నీళ్లు పెరిగాయని రాసుకుని, ఆ సంతోషం పంచుకోవడానికి మాస్టారింటికి వెళ్లాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండు చిత్రాలూ చూసి, "ఇవి ఏ నెలవి, నాయనా?" అన్నారు.

"రెండూ వేసవివే, మాస్టారూ. సరిపోల్చడానికి వీలుగా అలా తీసుకున్నాను."

"ఎండాకాలంలో కొల్లేట్లో నీళ్లు దిగిపోవాలి కదా. దిగిన నేలలో వరి వేసే ఊళ్లు నాకు తెలుసు. నీళ్లు పెరగడమేమిటి? రేపు పొద్దున్నే బయల్దేరదాం."

మర్నాడు లంకల్లో నడిచాం. నేను సరస్సు నీళ్లనుకున్నవి చేపల చెరువులు. ఒకదాని పక్కన ఒకటి, చుట్టూ మట్టిగట్లు, మధ్యలో ఏడాది పొడవునా తోడిపోసి నిలబెట్టిన నీళ్లు. ఆ ఐఆర్‌ఎస్ చిత్రంలో పిక్సెల్ వైపు కొలత 36 మీటర్లు. అంటే దాదాపు ముప్పై రెండు సెంట్ల నేల ఒక్క చుక్క. కొన్ని మీటర్ల గట్టు అటు నీళ్లకూ ఇటు నీళ్లకూ మధ్య ఆ చుక్కలో కరిగిపోయింది. గట్టు తెగిపోకుండా నా లెక్కలోంచి తెగిపోయింది.

అసలు సరస్సు ఎక్కడుందో కూడా ఆ రోజే చూశాం. గుర్రపుడెక్క, తూడు, కిక్కిస కమ్మేసి కిందున్న నీళ్లు కంటికి ఆనడం లేదు. దోనెలు కూడా కదలని చోట్లున్నాయి. ఉపగ్రహానికి అదంతా ఆకు. అందుకే చిత్రంలో ఎర్రగా వచ్చింది. నేను దాన్ని నేలగా లెక్కేశాను. చెరువును సరస్సన్నాను, సరస్సును పొలమన్నాను. కొల్లేరు తరిగిపోతున్న కాలంలో కొల్లేరు పెరుగుతోందని రాశాను. యంత్రం అబద్ధం చెప్పలేదు. నీళ్లున్న చోట నీళ్లున్నాయనే చెప్పింది. అవి ఏ నీళ్లో తేల్చుకోవలసినవాణ్ని నేను.

ఇప్పుడు నీటిని గుర్తించే సూచికలు ఎన్నో ఉన్నాయి. కంప్యూటరుకు ఒక్క వరస రాసిస్తే రాష్ట్రం మొత్తంలో నీళ్లెక్కడున్నాయో క్షణాల్లో చెబుతుంది. నా పాత తప్పును అంతే వేగంగా రాష్ట్రమంతటా చేయగలదు కూడా. అందుకని నా విద్యార్థులకు మూడు గుర్తులు చెబుతుంటాను. మొదటిది ఆకారం: సరస్సు అంచు వంకర్లు తిరుగుతుంది, చెరువు అంచు తాడు పట్టి గీసినట్టుంటుంది. రెండోది కాలం: అక్టోబరులో పొంగి ఏప్రిల్లో తగ్గేది సరస్సు, రెండు నెలల్లోనూ ఒక్క తీరున ఉండేది చెరువు. మూడోది కాళ్లు: ఆ చోటికి వెళ్లి నిలబడి చూడాలి.

చిత్రం సాక్ష్యమైనప్పుడు

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు గారూ సహ పరిశోధకులూ 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో కొల్లేటి మీద ఒక వ్యాసం ప్రచురించారు. కొల్లేరు అంతరించిపోతోందన్న మాటే దాని శీర్షిక. ఐఆర్‌ఎస్-1డి చిత్రాలతో వాళ్లు చెరువు నీళ్లనూ సరస్సు నీళ్లనూ విడదీశారు. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువుల కింద ఉందని తేల్చారు. అప్పటికే, 1999లో, ఐదో కాంటూరు దాకా కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాకు, అంటే రామ్‌సర్ జాబితాకెక్కింది. కాగితం మీద రక్షణ పెరుగుతున్న ఏళ్లలో నీటి మీద ఏం జరిగిందో ఆ చిత్రాలు చూపించాయి.

2005, 2006 సంవత్సరాల్లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను తెగ్గొట్టారు. ఆ తరవాత కొన్నిచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఈ రెండు దశలూ ఉపగ్రహ చిత్రాల్లో వరసగా నమోదై ఉన్నాయి. 2008 నుంచి ల్యాండ్‌శాట్ పాత చిత్రాలన్నీ ఉచితం. ఇప్పుడు ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో పిక్సెల్ రెండున్నర సెంట్లు. మా రోజుల్లో కరిగిపోయిన గట్టు ఇప్పుడు దాక్కోలేదు.

కొల్లేరు నిండే నెలల్లో మబ్బులు కమ్ముకుంటాయి. మామూలు కెమెరాకు అప్పుడు తెల్లటి దూదే కనిపిస్తుంది. రాడార్ ఉపగ్రహాలు తమ తరంగాలను తామే పంపుకుంటాయి కాబట్టి మబ్బు వాటికి అడ్డు కాదు, చీకటీ అడ్డు కాదు. 2012లో మన రిశాట్-1, 2014లో ఐరోపా వారి సెంటినెల్-1 ఆ పనికే వెళ్లాయి. నిశ్చలంగా ఉన్న నీళ్లు రాడార్ తరంగాన్ని అద్దంలా పక్కకు తోసేస్తాయి. అందుకని ముంపు నల్లగా తేలుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచింది. ఆ నీళ్లు చివరికి చేరవలసింది కొల్లేటికి, అక్కణ్నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. సరస్సు కడుపులో గట్లు పోస్తే పైనున్న ఊళ్లలో నీళ్లు నిలబడతాయి. అందుకే కొల్లేటి లెక్క ఒక్క కొల్లేటి వాళ్లదే కాదు.

ఎవరి నీళ్లు?

ఇంకొక మాట చెప్పకపోతే మాస్టారి శిష్యుణ్ని కాను. ఒకసారి ఒక లంక గ్రామంలో అరుగు మీద చిత్రం పరిచి చూపిస్తున్నాను. పెద్దాయన ఒకరు చాలాసేపు చూసి, "బాబూ, నీళ్లు కనపడుతున్నాయి. ఎవరి నీళ్లో కూడా కనపడుతోందా?" అని అడిగారు.

కనపడదు. గట్టు కనిపిస్తుంది, గట్టు వెనకున్న లీజు కనిపించదు. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సులో చెరువులు ఇచ్చింది. తరవాత బయటి పెట్టుబడి వచ్చింది. చెరువు కూలీ, సంఘం సభ్యుడు, లీజుదారు ముగ్గురూ చిత్రంలో ఒక్కటే నల్లటి దీర్ఘచతురస్రం. ఏం మారిందో, ఎప్పుడు మారిందో మేం చెప్పగలం. ఆ మార్పుతో ఎవరి కంచం నిండింది, ఎవరి వల ఖాళీ అయింది అన్నది ఊళ్లో కూర్చుని అడిగి తెలుసుకోవాలి. పైనుంచి తీసిన చిత్రం ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పేవాడు సగమే చదివినవాడు.

అందుకే ఈ సభకు నాదొక విన్నపం. మాస్టారి పేరున ఉన్న నిధి మీద వచ్చే వడ్డీలో కొంత ఏటా ఈ పనికి కేటాయించండి. ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మన విద్యార్థులు కొల్లేట్లో అవే చోట్లకు వెళ్లాలి. ఉపగ్రహం ఆ పైనుంచి వెళ్లే రోజు చూసుకుని నీటి అంచు ఎక్కడుందో, ఏ కలుపు ఎంత ఉందో, గట్టు ఎటు జరిగిందో నోటుపుస్తకంలో రాయాలి. ఊరివాళ్లు చెప్పింది కూడా రాయాలి. చిత్రమూ ఆ రాతా కలిపి పంచాయతీ గోడకు అంటించాలి. పదేళ్లు చేస్తే ఏ సంస్థ దగ్గరా లేని దస్తావేజు మన కాలేజీ దగ్గర ఉంటుంది.

ఆ నోటుపుస్తకం మొదటి పేజీలో, పైన ఎడమవైపు, నెల పేరు రాయడం మరిచిపోకండి. మాస్టారు ముందు చూసేది అదే.