కుళాయి కారితే పోయేది నీరొక్కటే కాదు



పొలంలో బోదెకు గండి పడిందంటే నోటిదాకా వచ్చిన అన్నం ముద్ద కంచంలో వదలి పార తీసుకొని పరుగెత్తుతాము. అదే పెరట్లో కుళాయి రాత్రింబవళ్ళు బొట్టు బొట్టుగా కారుతూ వుంటే, "దానికేముందిలే, రేపు చూద్దాం" అంటాము. ఆ రేపు సంక్రాంతి దాటి ఉగాది దాకా పోతుంది. నేడు ఆ కుళాయి సంగతే మీతో నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

2016లో తెలంగాణలో మిషన్ భగీరథ వచ్చింది. 2019లో దేశమంతటికీ జలజీవన్ మిషన్ వచ్చింది. నూతి దగ్గర చేదతో తోడుకున్న మన పల్లెల్లో యిప్పుడు యింటి ముంగిట కుళాయి వున్నది. జలజీవన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందాలి. సెకనుకు ఒక్క బొట్టు కారినా రోజుకు 86,400 బొట్లు. నాలుగు వేల బొట్లు ఒక లీటరని వేసుకున్నా, యిరవై లీటర్ల పైమాటే. అంటే ఒక మనిషి వాటాలో మూడో వంతుకు పైగా నేలపాలు.

నీరు వృథా చేయకూడదని మీకు నేను చెప్పాలా? చెప్పవలసినది వేరే వున్నది. నీరు బయటికి వచ్చే ఆ కంతలోంచే మురికి లోపలికి పోతుంది.

"అదెట్లా? లోపలి నుంచి నీరు తోసుకు వస్తూ వుంటే బయటి మురికి లోనికెట్లా పోతుంది?" అని మీరు అడగవచ్చు. నీరు వస్తున్నంత సేపు పోదు, నిజమే. కాని చాలా వూళ్ళలో పొద్దున గంటో రెండు గంటలో నీరు వదలి కట్టేస్తారు. అప్పుడు గొట్టంలో మిగిలిన నీరు పల్లంలోని యిళ్ళ కుళాయిల గుండా జారిపోతుంది. మెరకన వున్న గొట్టం ఖాళీ అవుతూ పీల్చుకోవటం మొదలుపెడుతుంది. పీపాలోని డీజిలులో రబ్బరు గొట్టం ముంచి, ఒకసారి పీల్చి కింద వదిలితే తనంతట తానే దిగిపోవటం మీకు తెలిసినదే. యిక్కడా అదే కథ. కంత దగ్గర గాలి వుంటే గాలి పోతుంది. మురుగు వుంటే మురుగే పోతుంది.

నేను చూచిన ఒక యింటి సంగతి చెబుతాను. ఆ యిల్లాలు కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, దాని కొస కుడితి తొట్టిలో ముంచి, నీళ్ళు వదిలి వంట పనిలో పడింది. యింతలో పైన నీళ్ళు కట్టేశారు. కుళాయి తెరిచే వున్నది. సాయంత్రం చూస్తే తొట్టిలో కుడితి సగానికి దిగివున్నది. గేదె తాగిందనుకున్నారు. తీరా చూస్తే గేదె యింకా చేలోనే వున్నది! మరునాడు పొద్దున పక్కింటివారు బిందె పెడితే, మొదటి నీళ్ళలో తవుడు తేలుతూ వచ్చింది.

తవుడు కంటికి కనపడింది కాబట్టి పారబోశారు. మరుగుదొడ్డి గుంట పక్కన, నేలలో, వదులైన అతుకు గుండా చేరే మురికి కంటికి కనపడదు. వాంతులు విరేచనాలు, టైఫాయిడు, కామెర్లు యీ దారినే చంటిపిల్లల దాకా వస్తాయి.

కాబట్టి ముందుగా గొట్టం వచ్చే దారి వెంట ఒకసారి నడిచి చూడండి. అది మురుగుకాలువలోంచి పోతూ వుంటే, పంచాయతీవారితో చెప్పి కాలువకు పైగా యెత్తించండి. నీటి ధార చాలటం లేదని కొందరు గుంట తవ్వి, అందులో కుళాయి పెట్టుకుంటారు. ఆ గుంటలో వాననీరూ, అంట్లనీరూ నిలిచి కుళాయి మూతి మునిగిందంటే, కుడితి తొట్టి కథ మళ్ళీ వచ్చినట్టే. మూతి యెప్పుడూ నిలిచిన నీటికి జానెడు పైన వుండాలి. పోతే, వీధి గొట్టానికి నేరుగా మోటారు బిగించటం. దీన్ని గురించి మర్యాదగా చెప్పటం నాకు చేతకాదు. ఆ మోటారు లాగేది పక్కింటివారి నీటిని మాత్రమే కాదు, దారిలోని ప్రతి కంత దగ్గర వున్న మురుగును కూడా.

యిక కారే కుళాయి. మర తిప్పే పాత రకం అయితే, మూతి నుంచి బొట్లు పడుతున్నవంటే లోపల వాషరు అరిగిందన్నమాట. మనం చేసే తప్పు, బొట్టు ఆగలేదని బలమంతా పెట్టి బిగించటం. దానితో వాషరు తెగిపోతుంది, అది కూర్చునే యిత్తడి అంచు కూడా గాట్లు పడుతుంది. అర్ధ అంగుళం వాషరు కొనటానికి టీ నీళ్ళకయ్యేంత డబ్బు కూడా కానక్కరలేదు. ముందు పై వాల్వు కట్టేయండి. వాల్వు లేకపోతే నీళ్ళు రాని వేళ చూచుకోండి. కుళాయి తెరిచి లోపలి నీరు పోనివ్వండి. తలమీది నట్టుకు గుడ్డ చుట్టి స్పానరుతో విప్పితే, మరతో సహా పైకి వస్తుంది. అడుగున వున్న పాత వాషరు తీసి, అంతే కొలతది పెట్టండి. మూసేముందు లోపలి అంచుమీద వేలు పెట్టి తడమండి. యిసుక పలుకు వుంటే తుడవండి. యీ పలుకు మరిచిపోయి, కొత్త వాషరు కూడా పనికిమాలినదని కొట్టువాణ్ణి తిట్టినవారిని యెరుగుదును.

నీరు మూతి నుంచి కాక మర మొదట్లో కారుతూ వుంటే వాషరు జోలికి పోనక్కరలేదు. అక్కడి చిన్న నట్టును పావు చుట్టు బిగిస్తే చాలావరకు ఆగుతుంది. ఆగకపోతే నట్టు తీసి, నూలుపోగుకు కాస్త వాజిలీను రాసి, మర చుట్టూ రెండు మూడు చుట్లు చుట్టి బిగించండి. పావు తిప్పుకే తెరుచుకునే కొత్త రకం కుళాయిలలో వాషరు వుండదు. వాటిలో లోపలి గుండును మొత్తంగా మార్చవలసిందే.

ప్లాస్టికు గొట్టాలు యెండకు పెళుసుబారుతాయి. పైన పోయే గొట్టానికి సున్నమో, రంగో పూయండి. పగిలినచోట సైకిలు ట్యూబు ముక్క సాగదీసి చుట్టటం ఒక పూటకు పనికివస్తుంది. నేలలో మాత్రం దాన్ని అట్లాగే పూడ్చి మరచిపోవద్దు. పగిలిన ముక్కను సరిగ్గా కోసి, సాకెట్టు పెట్టండి. రెండు అంచులూ తుడిచి, తడి లేకుండా చేసి, సొల్యూషను రెండిటికీ రాసి, లోపలికి తోస్తూ పావు చుట్టు తిప్పి, అర నిమిషం పట్టుకోండి. డబ్బామీద వ్రాసిన గడువు కాకముందే తొందరపడి నీరు వదిలితే ఆ శ్రమంతా వృథా. మరలు వున్నచోట టెఫ్లాను టేపును మర బిగుసుకునే వైపుకే చుట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు వూడి వస్తుంది.

డాబామీది ట్యాంకు పొంగిపోతూ వుంటే, తేలే బంతిని చూడండి. కంత పడి నీరు నిండితే అది తేలదు, వాల్వు మూసుకోదు. బంతి మార్చండి.

అంట్లు తోమేచోట తూముకు జల్లెడ బిళ్ళ వేయండి. మెతుకులూ, కొబ్బరిపీచూ, బూడిదా అక్కడే ఆగుతాయి. నీరు దిగకపోతే తూముకింది వంపును, బకెట్టు పెట్టి, విప్పి కడగండి. ఆ వంపులో కాస్త నీరు నిలిచి వుండటం తప్పు కాదు, మురుగువాసన పైకి రాకుండా ఆపేది అదే. యాసిడు పోయవద్దు. అందులోనూ బ్లీచింగు పౌడరు చల్లినచోట యాసిడు పోస్తే క్లోరిను వాయువు లేస్తుంది, వూపిరి ఆడనివ్వదు.

యెక్కడా కనపడని కారుడు వున్నదేమోనని అనుమానమైతే, రాత్రి పడుకోబోయేముందు కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. ఆ రాత్రికి మోటారు వేయకండి. తెల్లవారేసరికి మట్టం దిగివుంటే గొట్టం వెంట తడి నేల వెతకండి. అది దొరికి బాగయ్యేదాకా తాగే నీరు తెర్లకాచి చల్లార్చండి. నీళ్ళు వచ్చిన మొదటి రెండు బిందెలూ పాదులకు పోయండి.

ఒక స్పానరు, నాలుగు వాషర్లు, ఒక టేపుచుట్ట, పాత సైకిలు ట్యూబు ముక్క – కొడవలి దోపుకునే చూరు దగ్గరే ఒక సంచీలో వేసి తగిలించండి. కుళాయి కారటం మొదలుపెట్టిన రోజున వెతుక్కోకుండా చేతికి దొరుకుతాయి.